తామ్రపర్ణి ఒడ్డున మన ఆక్స్‌ఫర్డ్

(చిట్టా – ఆవర్జా)



ఈ మధ్య మన సభ్యుల ఇళ్ళలో ఎవరింటికి వెళ్ళినా కాఫీ గ్లాసు చేతికి రాకముందే ఫోను చేతికొస్తోంది. "మావాడు పోయిన ఆదివారం ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాడండీ, చూడండి" అంటారు. నది, దాని మీద రాతి వంతెన, ఒడ్డున కాలేజీలు, చర్చి శిఖరం, వాటి ముందు మన పిల్లవాడు. ఫోటోలు బాగానే ఉంటాయి, కాదనను. మా పెద్దవాడూ ఆ దేశంలోనే ఉన్నాడు గనుక నా ఫోను నిండా కూడా అవే బొమ్మలు.

అయితే రాజపాళయం నుంచి సుమారు 90 కిలోమీటర్లలో మనకూ ఒక ఆక్స్‌ఫర్డ్ ఉంది. పాళయంకోటను "దక్షిణ భారతపు ఆక్స్‌ఫర్డ్" అంటారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నదీ ఉంది, వంతెనా ఉంది, కాలేజీలూ, శిఖరమూ అన్నీ ఉన్నాయి. పెళ్ళిళ్ళకీ, ఆసుపత్రులకీ, బ్యాంకు మీటింగులకీ తిరునెల్వేలి వెళ్ళడం తప్ప, ఊరు చూడడానికని వెళ్ళిన వాళ్ళు మనలో ఎందరు? అందుకని మొన్న ఒక సెలవు రోజున నేనూ, మా ఆవిడా, మా తమ్ముడి కూతురూ తెల్లవారుజామునే సంకరన్‌కోవిల్ మీదుగా వెళ్ళే బస్సెక్కాం. పిల్ల ఎనిమిదో తరగతి. ప్రశ్నలు వేయడంలో మా ఆడిటర్లను మించినది.

వంతెన ఖాతా

ముందు వంతెన దగ్గరే దిగాం. తిరునెల్వేలి జంక్షన్‌కీ, పాళయంకోట వైపు ఉన్న వణ్ణారపేటకీ మధ్య తామ్రపర్ణి మీద ఉన్న సులోచన మొదలియార్ వంతెన ఇది. 1843లో వాడకానికి వచ్చింది. కమానులు పదకొండు. పైన బస్సులూ, లారీలూ, ఆటోలూ పోతుంటే మనకు అది మామూలు రోడ్డులాగే ఉంటుంది. వంతెన అందం చూడాలంటే మెట్లు దిగి నీళ్ళ దగ్గరికి వెళ్ళాలి. పొద్దుటి ఎండ కమానుల కింద పడి, నీళ్ళలో మిగతా సగం గుండ్రం పూర్తయి కనిపిస్తుంది.

నాకు ఏ కట్టడం చూసినా ముందు పుట్టే ప్రశ్న ఒకటే: డబ్బెవరు పెట్టారు? ముప్పై ఏళ్ళ ఉద్యోగం అలవాటు చేసిన జబ్బు. ఈ వంతెన విషయంలో ఆ ప్రశ్నకు దొరికే జవాబు ఏ బ్యాంకు మేనేజరునైనా కుర్చీలోంచి లేపుతుంది.

ఆ రోజుల్లో ఇటు జనం అటు వెళ్ళాలంటే పడవే గతి. ఏరు పొంగితే ఆ దారీ లేదు. కలెక్టరు కచేరీ వంతెన కట్టాలని తలపెట్టింది. సుమారు యాభై వేల రూపాయల పని. 1840 నాటి యాభై వేలు! చందాలు పోగవడం కష్టమైంది. ఆ కచేరీలోనే శిరస్తదారుగా పని చేస్తున్న సులోచన మొదలియార్ ఆ భారం తానే ఎత్తుకున్నాడు. జమీందారు కాదు, షావుకారు కాదు, నెల జీతం ఉద్యోగి. ఇంట్లో ఇల్లాలు నగలు తెచ్చి ముందు పెట్టిందని ఇప్పటికీ ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. నగల సంగతి వినగానే మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, చీర చెంగు భుజం మీదికి సర్దుకుంది. నేను నది వైపు చూశాను.

ఈ వంతెనను లండన్‌లోని వాటర్లూ వంతెన నమూనాలో కట్టారని అంటారు. కాసేపు రెంటి ఖాతాలూ పక్కపక్కన పెట్టి చూడండి. లండన్ వంతెన 1817లో తెరిచారు. దాన్ని ఒక ప్రైవేటు కంపెనీ వాటాలు అమ్మి కట్టింది. దాటే ప్రతి మనిషి దగ్గరా సుంకం వసూలు చేసింది. సుంకం తప్పించుకోవడానికి జనం పక్కనున్న ఉచిత వంతెనల మీదుగా తిరిగి వెళ్ళేవారు. వాటాదారులకు కలిసొచ్చింది లేదు. చివరికి 1878లో ప్రభుత్వ సంస్థ దాన్ని కొని సుంకం ఎత్తేసింది. తరవాత పునాదులు కుంగి, 1930లలో వంతెననే పడగొట్టి కొత్తది కట్టారు. అంటే మూలప్రతి ఇప్పుడు లండన్‌లో లేదు. వడ్డీ ఆశించి కట్టింది పోయింది. ఏమీ ఆశించకుండా కట్టింది మన తామ్రపర్ణి మీద నిలిచి ఉంది. దీనికీ దెబ్బలు తగలకపోలేదు. 1869 వరదలో కొంత భాగం కొట్టుకుపోతే మళ్ళీ కట్టారు. 2023 డిసెంబరు వరదలు మనందరికీ గుర్తే. అప్పుడూ నది కమానుల మీదికి ఎగబడింది, వంతెన మాత్రం కదల్లేదు.

వంతెన చివర పూలమ్మే ఆవిడ దగ్గర మా ఆవిడ మల్లెపూలు బేరం చేస్తోంది. మేము మాలో మాట్లాడుకునేది విని ఆవిడ అడిగింది: "నీంగ తెలుంగా? ఎంద ఊరు?" రాజపాళయం అన్నాను. "అప్పో నమ్మ ఊరుదాన్" అంటూ ఒక మూర ఎక్కువ కొలిచింది. నాలుగడుగులు వేశాక పిల్ల అందుకుంది.

"పెదనాన్నా, నమ్మ ఊరు అంటే మన ఊరనేగా? మనూరి వాళ్ళమైతే మళ్ళీ తెలుగువాళ్ళా అని ఎందుకడిగింది? అసలు మనది ఏ ఊరు?"

పాఠకులారా, మీ ఇళ్ళలోనూ ఈ ప్రశ్న పుట్టే ఉంటుంది. విజయనగరం నాడు వచ్చామని పెద్దలు చెప్పగా విన్నాం. పుట్టిందీ, చదివిందీ, ఉద్యోగం చేసిందీ తమిళనాట. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. నాకు ఆ నాలుగు తెలుగు అక్షరాలు వచ్చాయంటే కుర్రతనంలో మూడేళ్ళు తెనాలిలో ఉద్యోగం చేయబట్టి. అంత ప్రశ్నకు వంతెన మీద నిలబడి జవాబు చెప్పలేం. "సాయంత్రం లోపల చెబుతాను" అన్నాను. మిగతా రోజంతా ఆ బాకీ నా నెత్తి మీదే ఉంది.

గుడి, ఏరు

నది వెంబడే కురుక్కుతురై వెళ్ళాం. ఏటి మధ్యలో మురుగన్ గుడి. వరద వచ్చినప్పుడల్లా గుడి మునుగుతుంది. ఉత్సవ విగ్రహాలను పై గుడికి తరలించి, నీళ్ళు తీశాక కడిగి మళ్ళీ పూజలు మొదలుపెడతారు. నదితో పేచీ పెట్టుకోకుండా, దాని రాకపోకలకు దారి ఇచ్చి, తాను నిలబడడం ఈ గుడిని చూసి నేర్చుకోవాలి.

అక్కణ్ణుంచి నెల్లైయప్పర్ కోవెల. మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు గనుక పొద్దున్నే చూడాలి. నటరాజు అయిదు సభల్లో తామ్రసభ ఇక్కడిది. చిదంబరంలో బంగారం, మధురలో వెండి, ఇక్కడ రాగి. ఒకే బండలో గుత్తిగా చెక్కిన సన్నని స్తంభాలు తట్టితే స్వరాలు పలుకుతాయి. అందరూ తట్టి తట్టి అరిగిపోతాయని ఇప్పుడు చెయ్యి వేయనివ్వరు. అదే మంచిది. స్వామి గుడికీ, గాంధిమతి అమ్మవారి గుడికీ మధ్య సంకిలి మండపం, అంటే గొలుసు మండపం ఉంది. 1647లో వడమలైయప్ప పిళ్ళై కట్టించాడు. అప్పటికి ఈ సీమ మధుర నాయక రాజుల ఏలుబడిలో ఉంది. రెండు గుడులను కలిపినవాడు మండపంతో, రెండు ఊళ్ళను కలిపినవాడు వంతెనతో గుర్తుండిపోయారు.

కోట, కాలేజీలు

భోజనం చేసి పాళయంకోట చేరాం. పేరులో కోట ఉంది గానీ నేల మీద మిగిలింది తక్కువ. కంపెనీ సైన్యం ఇక్కడ మకాం వేసిన కాలంలో ఇది గట్టి కోట. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశాక, అతని తమ్ముడు ఊమైదురైని తెచ్చి బంధించింది ఈ కోటలోనే. 1801 ఫిబ్రవరిలో అతను తప్పించుకుని వెళ్ళి, పడగొట్టిన తమ కోటను మళ్ళీ లేపి, కంపెనీ వాళ్ళతో నెలల తరబడి పోరాడాడు. అదే ఏడు నవంబరులో అతన్నీ ఉరి తీశారు. తరవాత కోట గోడలు పోయాయి. పడమటి వాకిలి బురుజు మీద చాలాకాలం పోలీసు స్టేషను నడిచింది. అందుకే దాన్ని మేడై పోలీస్ స్టేషన్ అంటారు.

"కట్టబొమ్మన్ వాళ్ళ ఇంట్లో తెలుగే మాట్లాడేవారట తెలుసా?" అన్నాను.

పిల్ల నమ్మలేదు. "సినిమాలో తమిళంలో అన్ని డైలాగులు చెబుతాడే!"

1959లో వచ్చిన శివాజీ గణేశన్ సినిమా సంగతి అది. కట్టబొమ్మన్‌ది తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల కుటుంబం. తమిళనాడు అంతా అతన్ని తనవాడుగా చెప్పుకుంటుంది. శిలావిగ్రహాలు పెట్టింది, బస్సులకు పేరు పెట్టింది. ఇంటి భాష ఏమిటని ఎవరూ అడగలేదు. ఎందుకంటే అతను ఈ నేల కోసం పెట్టింది ప్రాణం. పిల్ల ప్రశ్నకు మొదటి వాయిదా ఇలా చెల్లిందనుకున్నాను.

కోట దగ్గర్లోనే ఒక చిన్న పాత చర్చి ఉంది. 1785 నాటిది. దీని వెనుక ఉన్న మనిషి క్లోరిందా. తంజావూరు నుంచి వచ్చిన మరాఠీ బ్రాహ్మణ వితంతువు. అయినవాళ్ళు విడిచిపెడితే ఒక ఇంగ్లీషు సైనికాధికారి నీడన ఇక్కడికి చేరింది. 1778లో ష్వార్ట్స్ అనే జర్మన్ ఫాదరీ దగ్గర క్రైస్తవం పుచ్చుకుంది. చేతిలో ఉన్నది పెట్టి ఈ చర్చి కట్టించింది. ఇక్కడివాళ్ళు ఈ చర్చిని పాప్పాత్తి అమ్మాళ్ కోవెల అంటారు, అంటే బాపనమ్మ కోవెల. మతం మారినా, ఊరు మారినా, జనం ఆవిడను తమ మాటలో తమ మనిషిగానే పిలుచుకున్నారు.

ఊరికంతటికీ గుర్తు మాత్రం 1826 నాటి హోలీ ట్రినిటీ చర్చి. దాని సన్నని శిఖరాన్ని ఊసి గోపురం అంటారు, సూది గోపురమన్నమాట. ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. దాని చుట్టూ బళ్ళు, కాలేజీలు. సెయింట్ జాన్స్, 1923లో మొదలైన సెయింట్ జేవియర్స్, ఆడపిల్లల సారా టక్కర్ కాలేజీ. ఆక్స్‌ఫర్డ్ పేరు వీటి వల్ల వచ్చిందే. నా మనసును ఎక్కువగా పట్టుకున్నవి మాత్రం వేరే రెండు బళ్ళు. చూపు లేని పిల్లలకొకటి, వినికిడి లేని పిల్లలకొకటి. రెండూ 1890లలో మిషనరీ స్త్రీల చేతుల మీదుగా రూపు దిద్దుకున్నవి. అటువంటి పిల్లలను ఇంటి మూల కూర్చోబెట్టే రోజుల్లో వాళ్ళ చేతికి అక్షరం ఇచ్చారు.

సారా టక్కర్ ఎవరో తెలుసా? ఇంగ్లండులో ఉన్న ఒక ఆవిడ. అన్నగారు మద్రాసులో మిషను పనిలో ఉండేవారు. ఆవిడ మాత్రం ఈ దేశంలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. అక్కడి నుంచే ఇక్కడి ఆడపిల్లల చదువుకు సాయం పంపేది. ఆవిడ పోయాక స్నేహితులు ఆవిడ పేరున డబ్బు పోగుచేసి పంతులమ్మల శిక్షణ బడి పెట్టారు. 1895 నాటికి అది కాలేజీ అయింది. కంటితో చూడని ఊరికి పంపిన పైకంతో ఇన్నివేలమంది ఆడపిల్లలు పట్టాలు పుచ్చుకున్నారు.

ఇంగ్లీషువాళ్ళ ఖాతాలో ఒక పక్క ఉరికొయ్య, ఒక పక్క బడి. ఒకటి చూపించి రెండోది కొట్టేయడం నిజాయితీ గల లెక్క కాదు. రెండు పద్దులూ ఉంచాలి, చూసేవాళ్ళు తేల్చుకుంటారు.

తిరునెల్వేలి సీమ తెలుగువాళ్ళకు ఇంకో విధంగానూ ముఖ్యం. ఈ జిల్లాలోని ఇడైయన్‌గుడిలో ఏళ్ళ తరబడి ఉండి, బిషప్ అయి, చివరికి అక్కడే సమాధి అయిన రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించాడు. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం ఒక ఇంటి బిడ్డలని విస్తారంగా నిరూపించిన గ్రంథమది. దానికి నలభై ఏళ్ళ ముందే, 1816లో, ఫ్రాన్సిస్ ఎల్లిస్ అనే మద్రాసు అధికారి క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ, తెలుగు సంస్కృతంలోంచి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో దానికి రక్తసంబంధం ఉందనీ చూపించాడు. ఆ చుట్టరికం లోకానికి తెలిసింది మన భాష మాటలు ముందు పెట్టి చూపించడం వల్లనే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన పిల్లలు అక్కాచెల్లెళ్ళ ఇళ్ళ మధ్య తిరుగుతున్నారన్నమాట. అందులో నామోషీ పడవలసింది లేదు.

కృష్ణాపురం

ఎండ తగ్గాక తిరుచెందూరు రోడ్డులో కృష్ణాపురం వెళ్ళాం. వేంకటాచలపతి గుడి. కట్టించినవాడు మధురను ఏలిన కృష్ణప్ప నాయకుడు, విశ్వనాథ నాయకుడి కొడుకు, మన తెలుగువాడు, పదహారో శతాబ్దం. మండపంలో నిలువెత్తు శిల్పాలు. కర్ణుడు, అర్జునుడు, వీరభద్రుడు, హంసనెక్కిన రతీదేవి, రాజకుమారిని భుజాన ఎత్తుకుపోతున్న కురవడు. బిగిసిన పిక్కల నరాలూ, వేళ్ళ గోళ్ళూ కూడా రాతిలో తెలుస్తాయి. మధుర గుడిలోలాగా ఇక్కడ జనం తొక్కిడి లేదు. మేము ముగ్గురం, అర్చకులు, పైన పావురాలు. ఒక్కొక్క బొమ్మ ముందూ తీరికగా నిలబడ్డాం.

అక్కడ పిల్ల బాకీ తీర్చాను. నేను చెప్పినది ఇది.

"ఈ రోజు చూసినవాళ్ళను లెక్కపెట్టు. క్లోరిందా తంజావూరు నుంచి వచ్చింది, మాట మరాఠీ. సారా టక్కర్ రానేలేదు, మాట ఇంగ్లీషు. కృష్ణప్ప నాయకుడి మాట తెలుగు. కట్టబొమ్మన్ మాటా తెలుగే. వీళ్ళెవరినీ ఈ ఊరు 'నువ్వెక్కడిదానివి, నువ్వెక్కడివాడివి' అని ఇప్పుడు అడగదు. ఊరు మనది కావడానికి పుట్టుక ఒక దారి. ఊరికి ఏమైనా పెట్టడం రెండో దారి. మన రాజపాళయంలో కుమారస్వామి రాజాగారు 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేశారు. తాను ఉన్న ఇంటినే గాంధీ కలై మన్రం కోసం ఊరికి రాసిచ్చారు. ఆయన ఇంటి మాట తెలుగు, ఇచ్చిన ఇల్లు అందరిదీ. అందుకని మనది రాజపాళయం, మన మాట తెలుగు. రెండూ నిజమే."

పిల్ల కాసేపు ఆలోచించింది. "మాట తెలుగంటావు సరే, నాకు చదవడం రాదుగా?" అంది.

ఆడిటరు అభ్యంతరం అంటే ఇదే. బ్యాంకులో రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతాను పనిచేయని ఖాతా అంటాం. పదేళ్ళు దాటితే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. అప్పటికీ హక్కుదారు వచ్చి అడగవచ్చు, కానీ అడగాలంటే అలాంటి ఖాతా ఒకటుందని తెలియాలి. మన ఇళ్ళలో తెలుగు చదువు ఆ స్థితికి వచ్చింది. మాట్లాడడం ఉంది గనుక నిలవ ఉన్నట్టే. చదవడం, రాయడం లేవు గనుక లావాదేవీ లేదు. ఇంకొక తరం ఇలాగే గడిస్తే అడిగేవారుండరు.

చీకటి పడే వేళకు మళ్ళీ తిరునెల్వేలి టౌను వచ్చాం. గుడి ఎదుట ఇరుట్టుక్కడై హల్వా కొట్టు సాయంత్రమే తెరుస్తారు. పేరుకు తగ్గట్టు చీకటి కొట్టే. బారులో నిలబడ్డాం. ఆకులో పెట్టిచ్చిన వేడివేడి గోధుమ హల్వా నాలుక మీద పడితే అప్పటిదాకా నడిచిన కాళ్ళ నొప్పి పోయింది. ఆ రుచి తామ్రపర్ణి నీళ్ళదేనని ఊరివాళ్ళ నమ్మకం. వాదించడానికి నోరు ఖాళీ లేదు.

ఈ రోజు చిట్టాలోంచి ఆవర్జాకు ఎక్కించినది ఇది. మన సంఘం వాళ్ళు పిల్లలకు నడిపిన ఆదివారం తెలుగు తరగతి, చోటు లేదని, చెప్పేవారు లేరని ఆగిపోయింది. యాభై వేల రూపాయల వంతెన కట్టే తాహతు నాకు లేదు. మా ఇంటి ముందు గది ఉంది, అందులో పన్నెండు మంది పిల్లలు కూర్చోవచ్చు. తెనాలి పుణ్యమా అని అక్షరాలు దిద్దించగలను. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు మొదలు. మా తమ్ముడి కూతురు పేరు మొదటి వరసలో రాసేశాం. పలకలు మా ఆవిడ కొంటానంది, నగల జోలికి వెళ్ళకుండానే. రుసుము లేదు. మీ పిల్లలను పంపండి. వేరే ఊళ్ళలో ఉన్నవాళ్ళు మీ ముందు గదులు ఒకసారి కొలిచి చూసుకోండి.

తిరునెల్వేలి వెళ్ళాలనుకునే వారికి ఒక మాట. మేము వెళ్ళిన వరసలోనే వెళ్ళండి: పొద్దున్న వంతెన, పన్నెండు లోపల గుడి, మధ్యాహ్నం పాళయంకోట, ఎండ తగ్గాక కృష్ణాపురం, చీకటికి హల్వా. పిల్లలను తప్పక తీసుకెళ్ళండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకు మాత్రం ముందే సిద్ధపడి వెళ్ళండి.

మళ్ళీ వచ్చే సంచికలో కలుసుకుందాం.